పంచదార లేని తీపి: జపాను వేపుడు టీ

టీ అంటే మనిళ్ళల్లో ఒకటే పద్ధతి. నీళ్లు, పాలు, టీ పొడి, పంచదార అన్నీ ఒకే గిన్నెలో పడాలి, కళపెళా తెర్లాలి. ఓపిక ఉంటే ఓ అల్లం ముక్క, చుట్టాలు వస్తే రెండు ఏలకులు. ఇదీ మనకు తెలిసిన టీ. అలాంటి మనింటికే ఈమధ్య కొత్త రకం టీ పొట్లాలు వస్తున్నాయి. పట్నాల్లో పెద్ద దుకాణాల్లో దొరుకుతున్నాయి; విదేశాల్లో ఉన్న పిల్లలు వస్తూ వస్తూ పట్టుకొస్తున్నారు. పొట్లం మీద హోజిచా అని పేరు ఉంటుంది. ఆ పక్కనే క్యారమెల్ అనో, చాక్లెట్ అనో, వెనిలా అనో రాసి ఉంటుంది.

టీకి మిఠాయి వాసనేమిటమ్మా అని ముక్కున వేలేసుకుంటున్నారా? వెయ్యకండి. ఈ టీ రుచి చూడడానికి ముక్కుతోనే ఎక్కువ పని ఉంది.

పొట్లం విప్పగానే పాకం పట్టిన వాసన గుప్పుమంటుంది. ఆశగా కాచుకుని నోట్లో పోసుకుంటే తీపి అన్నమాటే ఉండదు. "వాసన చూస్తే మిఠాయి కొట్టు, తాగితే చప్పిడి నీళ్లు" అనుకుని చాలామంది చేసే పని ఒకటే. పంచదార డబ్బా మూత తీస్తారు. ఆ మూత తియ్యబోయే ముందు ఒక్క పది నిమిషాలు ఆగమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఈ టీలో ఉన్న తీపి నాలుకది కాదు, ముక్కుది. దాన్ని పట్టుకోవడం తెలిస్తే పంచదార చెంచా దానంతట అదే వెనక్కి తగ్గుతుంది.

ముందు ఈ హోజిచా అంటే ఏమిటో చూద్దాం. మనం కాచుకునే టీ పొడి, జపాను వాళ్ల పచ్చ టీ, రెండూ ఒకే జాతి మొక్క ఆకులే. తేడా అంతా కోసిన తరవాత చేసే పనిలో ఉంది. మన టీకి ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగిలేట్టు ఉంచుతారు. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడినట్టు ఆకు రంగు మారుతుంది; ఆ రంగే మన డికాషన్‌లోకి దిగుతుంది. జపానులో అలా మారనివ్వరు. ఆకు కొయ్యగానే ఆవిరి పడతారు. ఆవిరి తగిలిన ఆకు పచ్చగానే నిలుస్తుంది. ఆవిరి పట్టిన ఆకును నలిపి ఆరబెట్టే పద్ధతిని 1738లో క్యోటోకు దగ్గరగా ఉన్న ఉజి ప్రాంతంలో నగతాని సోయెన్ అనే టీ రైతు చక్కదిద్దాడని చెబుతారు. అలా తయారయ్యే టీని సెంచా అంటారు. జపాను ఇళ్లల్లో రోజూ తాగే పచ్చ టీ అదే.

లేత ఆకులతో మంచి టీ అవుతుంది, సరే. మరి ముదురు ఆకులు, కాడలు ఏం కావాలి? తోటకూర కాడల్ని పారెయ్యకుండా పులుసులో వేసే ఇల్లాలికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. ముదురు ఆకుతో చేసే టీని బంచా అన్నారు. ఆ ఆకుల్నీ, కాడల్నీ నిప్పుల మీద వేయిస్తే కమ్మని వాసన వస్తుందని కనిపెట్టారు. క్యోటో వర్తకులు 1920ల ప్రాంతంలో ఈ వేపుడు టీని బాగా వ్యాప్తిలోకి తెచ్చారంటారు. కనజావా అనే మరో ఊళ్లో ఒట్టి కాడల్నే వేయించి చేసే టీకి కగా బోచా అని పేరు. హోజి అంటే వేయించడం, చా అంటే టీ. పేరులోనే వంట చెప్పేశారన్నమాట.

వేయించితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? పచ్చి నువ్వులకు వాసనేముంది? మూకుట్లో నాలుగు తిప్పులు తిప్పితే వీధి చివరికి తెలుస్తుంది. వేరుశనగపప్పూ అంతే, ఉప్మా రవ్వా అంతే, కాఫీ గింజలూ అంతే. గింజలోనో ఆకులోనో ఉన్న కొద్దిపాటి చక్కెరలూ, మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాలూ వేడికి ఒకదానితో ఒకటి కలిసి కొత్త వాసనల్ని పుట్టిస్తాయి. రొట్టె కాలినప్పుడు పైన ఎర్రబడి కమ్మగా ఉండేది కూడా ఇందుకే. ఇలా పుట్టే వాటిలో పైరజీన్లు అనేవి ముఖ్యం. వేయించిన వేరుశనగలోనూ, కాఫీలోనూ, హోజిచాలోనూ కమ్మదనానికి కారణం ఇవే. అందుకే మొదటిసారి హోజిచా వాసన చూసినవారికి ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

వేపుడు ఇంకో మేలు కూడా చేస్తుంది. పచ్చ టీలో చేదు, వగరు ఉంటాయి. ఆ వగరుకు కారణమైన పదార్థాలు వేడికి బాగా తగ్గిపోతాయి. ఆకు పచ్చరంగు పోయి చింతగింజ రంగుకు వస్తుంది. డికాషన్ ఎర్రగా, తేలిగ్గా ఉంటుంది. అందుకే పచ్చ టీ నచ్చనివారికి కూడా ఇది నచ్చుతుంది. జపానులో భోజనమైన తరవాతా, సాయంకాలాలూ ఎక్కువగా దీన్నే తాగుతారు.

ఇక మిఠాయి సంగతి. జపాను వాళ్లకు తీపీ టీ రెండూ ఇష్టమే కాని, పూర్వాచారంలో రెంటినీ ఒకే కప్పులో కలపరు. వాళ్ల టీ సమారాధనలో అతిథికి ముందు చిన్న మిఠాయి ఒకటి పెడతారు. అది తిన్నాక, నోట్లో ఆ తీపి ఇంకా ఉండగానే, పచ్చ టీ పొడితో గిలకొట్టిన మచ్చా ఇస్తారు. మచ్చాలో పంచదార వెయ్యరు. తీపి పళ్లెంలో, చేదు గిన్నెలో. రెండూ కలిసేది నోట్లోనే. మిఠాయి వాసన వేసే హోజిచా ఈ రెంటినీ ఒకే కప్పులోకి తెచ్చింది. వేపుడు టీకి సహజంగానే పాకం, కోకో లాంటి ఛాయ ఉంటుంది కనక దానికి క్యారమెల్, చాక్లెట్, వెనిలా వాసనలు ఇట్టే అతుకుతాయి. అదే మల్లెపూల వాసన కలిపితే వేపుడు వాసన దాన్ని మింగేస్తుంది.

అయితే కొనేటప్పుడు ఒక సంగతి గమనించండి. ఈ పేరుతో రెండు రకాల సరుకు అమ్ముతారు. ఒకటి ఆకు. ఇందులో టీ ఆకు, కలిపిన వాసన ద్రవ్యం, ఒక్కోసారి కోకో ముక్కలో, క్యారమెల్ పలుకులో ఉంటాయి. రెండోది పాలల్లో కలుపుకునే పొడి. దాన్ని లాటే పొడి అంటారు. ఇందులో చాలావాటికి పంచదారా పాలపొడీ ముందే కలిపి ఉంటాయి. పొట్లం వెనకవైపు ఏమేం కలిపారో రాసి ఉంటుంది. ఎక్కువ బరువున్నది మొదట, తక్కువది చివర రాయాలని నియమం. అంచేత మొదటి మాటే పంచదార అని ఉంటే మీరు కొంటున్నది టీ కాదు, టీ వాసన వేసే పంచదార. ఇంట్లో షుగరు జబ్బున్నవారుంటే ఆ రెండు లైన్లు చదవకుండా పొట్లం బుట్టలో వెయ్యకండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పంచదార లేకుండా తీపిగా ఎలా అనిపిస్తుంది? జలుబు చేసినప్పుడు ఏ కూరైనా ఒకటేలా ఉంటుంది కదూ? అప్పుడు నాలుక బాగానే ఉంది, పనిచెయ్యనిది ముక్కు. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుకకు తెలుస్తాయి. అది వెనిలానా, ఏలక్కాయా, నెయ్యా అన్నది తెలిసేది ముక్కుకు. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ వాసన గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం మాత్రం రుచి అంతా నాలుకదే అనుకుంటాం. పెద్దలు షడ్రుచుల్లో వగరును కూడా లెక్కవేశారు. శాస్త్రజ్ఞులు మాత్రం అది రుచి కాదు, నోరు పిడచకట్టినట్టుండే స్పర్శ అంటారు. టీలో ఆ స్పర్శ చాలా ముఖ్యం.

వెనిలా, పాకం వాసనలు మనకు ఎప్పుడూ తీపితోనే తగిలాయి. ఐస్‌క్రీములోనో, కేకులోనో. అలా కలిసి కలిసి, వాసన ఒక్కటే వచ్చినా మెదడు తీపిని తలుచుకుంటుంది. మనకు ఏలకులతో ఉన్న సంబంధం కూడా ఇదే. ఏలకుల పొడి నాలుక మీద వేసుకుంటే ఘాటు తప్ప తీపి లేదు. అయినా ఆ వాసన తగిలితే పాయసమే గుర్తొస్తుంది. పాయసంలో ఏలకులు దండిగా పడితే పంచదార కాస్త తగ్గినా ఎవరూ పట్టించుకోరన్నది అనుభవమున్న ఇల్లాలికి తెలిసిన రహస్యమే.

ఇక రుచి చూద్దామా? ఇంట్లో సందడి లేని వేళ చూసుకోండి. ఉల్లిపాయ తరిగిన చేత్తో, తాంబూలం నోట్లో ఉండగా, అగరొత్తి వెలుగుతుండగా వద్దు.

ముందు పొడి ఆకును అరచేతిలో వేసుకుని వాసన చూడండి. మొదట తగిలేది కలిపిన వాసన, పాకమో వెనిలానో. చేతి వేడికి ఒక్క నిమిషం ఆగి మళ్లీ చూడండి. అడుగునుంచి వేపుడు వాసన పైకి వస్తుంది. ఈ రెండూ విడివిడిగా తెలిస్తే సగం పని అయినట్టే.

తరవాత కాచడం. గిన్నెలో వేసి తెర్లించకండి. మరిగే నీళ్లు ఆకు మీద పొయ్యాలి. గ్లాసుడు నీళ్లకు, అంటే 200 మిల్లీలీటర్లకు, రెండు పెద్ద చెంచాల ఆకు సరిపోతుంది. ఆకు తేలిక కనక చెంచాలు ఎక్కువగా కనిపిస్తాయి. తూస్తే నాలుగు గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. మూత పెట్టి అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం ఉంచి వడకట్టెయ్యండి. సెంచాకు మరిగే నీళ్లు పనికిరావు. 70, 80 డిగ్రీలకు చల్లార్చి పోస్తేనే చేదు దిగకుండా ఉంటుంది. హోజిచాలో చేదు ముందే తగ్గింది కనక ఆ బాధ లేదు. పైగా వాసన లేవాలంటే నీళ్లు మరిగేవే కావాలి.

కప్పులో పోశాక తాగే ముందు ఆవిరి వాసన చూడండి. పెదవి కాలకుండా చల్లారాక ముక్కు రెండు వేళ్లతో మూసుకుని ఒక్క గుక్క తాగండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి! ఇప్పుడు నోట్లో ఏముంది? గోరువెచ్చని నీళ్లు, ఆ వెనక కాస్త చేదు, కాస్త వగరు. అంతే. ఇప్పుడు ముక్కు వదలండి. పాకమంతా ఒక్కసారి నోట్లోకి దిగినట్టుంటుంది. ఆ క్షణమే ఈ టీ రహస్యం. అంతా చదివినా తెలియనిది ఆ ఒక్క గుక్కతో తెలుస్తుంది.

రెండో గుక్క జుర్రుతూ తాగండి. పిల్లలు జుర్రితే మనం కోప్పడతాం కాని, టీ రుచి చూడడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు అందరూ చప్పుడు చేస్తూనే జుర్రుతారు. గాలితో కలిసి లోపలికి వెళ్తే టీ నోరంతా పరుచుకుంటుంది, వాసన ముక్కుకు ఎక్కుతుంది. మింగాక వెంటనే మాట్లాడకుండా ముక్కుతో ఊపిరి వదలండి. ఆఖరున మిగిలే వాసన ఏమిటో చూసుకోండి. మంచి ఆకైతే చివరికి వేపుడు కమ్మదనం మిగలాలి. సబ్బు వాసనో, మందు సీసా వాసనో మిగిలితే కలిపిన వాసన ఎక్కువైందనీ, అడుగున టీ తక్కువరకమనీ అనుకోవచ్చు.

కప్పు సగం చల్లారాక ఇంకో గుక్క తాగండి. వేడి మీద దాక్కున్న చేదు, వగరు చల్లారితే బయటపడతాయి. అదే ఆకు మీద మళ్లీ మరిగే నీళ్లు పోసి రెండో డికాషన్ తియ్యండి. కలిపిన వాసన మొదటిసారికే చాలావరకు వెళ్లిపోతుంది. రెండోసారి వచ్చేది ఒట్టి హోజిచా. మీరు డబ్బు పెట్టింది టీకా, వాసనకా అన్నది ఈ రెండో కప్పు చెబుతుంది. వీలైతే ఏ వాసనా కలపని హోజిచా కొద్దిగా తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. చాలామందికి చివరికి అదే నచ్చుతుంది.

పాలు పొయ్యకూడదా అంటారేమో. నిక్షేపంగా పొయ్యచ్చు. క్యారమెల్, చాక్లెట్ రకాలకు పాలు బాగానే నప్పుతాయి. అప్పుడు ఆకు రెట్టింపు వేసి డికాషన్ చిక్కగా తీసి, వేడి పాలు కలపండి. పాలల్లో సహజంగా ఉండే తీపి ఆ వాసనకు తోడవుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన పంచదార లెక్క ఒకసారి చూడండి. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు కప్పులు. ఆరు చెంచాలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం పైనుంచి కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు మించకూడదు, 25 గ్రాములకు, అంటే సుమారు ఆరు చెంచాలకు, తగ్గించగలిగితే మరీ మంచిది. మిఠాయి ముట్టకుండానే మన టీలే ఆ ఆరు చెంచాలూ తినేశాయి! పంచదార మానండి అని డాక్టరు చెప్పినప్పుడు ఇంట్లో ఎవరికైనా కష్టమనిపించేది ఆ టీ దగ్గరే. మూడు కప్పుల్లో ఒక్క కప్పు ఇలాంటి టీతో మార్చుకున్నా రెండు చెంచాలు తగ్గినట్టే. అలాగని ఇది మందు కాదు, షుగరు తగ్గించే శక్తి దీనికి లేదు. తీపి మీద మనసు పోయినప్పుడు దానికో చిన్న ఊరట, అంతే.

ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. హోజిచాలో కెఫీన్ ఉండదని కొందరు అంటారు. అది నిజం కాదు. జపాను ప్రభుత్వ ఆహార పట్టికల్లో 100 మిల్లీలీటర్ల కాఫీకి 60 మిల్లీగ్రాములు, నల్ల టీకి 30, సెంచాకు 20, హోజిచాకు కూడా 20 అని ఉంది. కాఫీ కన్నా బాగా తక్కువే కాని లేకపోలేదు. పొడి రూపంలో తాగితే ఆకంతా కడుపులోకి వెళ్తుంది కనక ఇంకా ఎక్కువ. నిద్ర పట్టనివారు, కడుపుతో ఉన్నవారు, పసిపిల్లల తల్లులు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

రెండోది మన ఆడవాళ్లకు మరీ ముఖ్యం. టీలో వగరుకు కారణమైన పదార్థాలు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును పట్టుకుని ఒంటికి అంటనివ్వవు. హోజిచాలో అవి తగ్గినా పూర్తిగా పోవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. పొద్దున్న అందరికీ వడ్డించి, చివర్న రెండు ముద్దలు తిని, వెంటనే టీ తాగే అలవాటు మనలో ఎందరికి లేదు? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందూ, గంట తరవాతా టీ కాఫీలు వద్దంది. జపాను వాళ్లు భోజనం చివర్న తాగుతారని మనమూ అలాగే తాగాలని లేదు. మన తోటకూర పప్పు మనకు అంటాలంటే ఆ గంట ఆగడమే మంచిది.

చివరగా ఖర్చు మాట. ఈ పొట్లాలు చవకేమీ కాదు. మీ అలమరలో ఎప్పుడో కొని, తాగలేక మూల పెట్టిన పచ్చ టీ ఆకు ఉందా? నిమ్మ, తులసి లాంటివి కలపని ఒట్టి ఆకైతే పారెయ్యకండి. జపాను ఇళ్లల్లో పాతబడిన సెంచాను హోరోకు అనే చిన్న మట్టి మూకుట్లో మళ్లీ వేయించుకుంటారు. మనమూ చెయ్యచ్చు. పోపు వాసన, నూనె జిడ్డు లేని మందపాటి మూకుడు తీసుకోండి. టీ ఆకు ఏ వాసననైనా ఇట్టే పట్టేస్తుంది. మూకుడు వేడెక్కాక మంట బాగా తగ్గించి రెండు పెద్ద చెంచాల ఆకు వేసి, ఆపకుండా కదుపుతూ ఉండండి. కాసేపటికి ఆకు రంగు తిరిగి, కమ్మని వాసన వేస్తుంది. రంగు తిరగగానే పళ్లెంలోకి ఒంపేసి పరచండి. మూకుట్లోనే ఉంచితే ఆ వేడికే మాడి చేదెక్కుతుంది. చల్లారాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకుని వారం పది రోజుల్లో వాడెయ్యండి. కాచేటప్పుడు చితక్కొట్టిన ఏలక్కాయ ఒకటి వేస్తే మీ ఇంటి మిఠాయి వాసన వేపుడు టీ సిద్ధం. దానికి క్యారమెల్ పొట్లం అక్కరలేదు, పంచదార అసలే అక్కరలేదు.

ముక్కు మూసుకుని మొదటి గుక్క తాగడం మాత్రం మరచిపోకండి. పక్కన ఇంకొకర్ని కూచోబెట్టుకుని వాళ్లచేత కూడా తాగించండి. ముక్కు వదలగానే వాళ్ల మొహం చూస్తే, నేనింతసేపు చెప్పిందంతా మీరు ఒక్క మాటలో వాళ్లకు చెప్పగలుగుతారు.